మూడు ట్యూబులు, మా ఊరి బోరు నీళ్లు

(అనంతపురంలోని ఒక డిగ్రీ కళాశాలలో బీఎస్సీ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల ముందు ఒక పరిశోధకురాలు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. మైకు వెనక బెంచీల దాకా వినిపిస్తోందా? సరే.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని ఉంది. ముందు బెంచీలో ఉన్న అమ్మాయీ, కాస్త ఇటు రామ్మా. ఇవి మూడు చిన్న ట్యూబులు, చిటికెన వేలి గోరంత ఉంటాయి. ఒక్కోదాని అడుగున ఉప్పు రవ్వంత తెల్లటి పొడి ఉంది, కనిపిస్తోందా? మొదటిదాంట్లో ఒక్క చుక్క డిస్టిల్డ్ వాటర్ వేస్తున్నాను. రెండోదాంట్లో సోడియం ఫ్లోరైడ్ కొలిచి కలిపిన నీళ్లు. మూడోదాంట్లో నిన్న సాయంత్రం మా ఊరి బోరు దగ్గర సీసాలో పట్టుకొచ్చిన నీళ్లు. మాది కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. మూతలు పెట్టాను, నంబర్లు వేశాను. ఇప్పుడు మూడింటినీ పిడికిట్లో పెట్టుకుని నీ చోట కూర్చో, మధ్యలో తెరవొద్దు, వదలొద్దు. వీటికి నీ ఒంటి వేడి చాలు. ఏమవుతుందో చివర్లో చూద్దాం.

బ్యానర్ మీద ‘సింథటిక్ సెల్స్, ఉద్యోగావకాశాలు’ అని రాశారు. సింథటిక్ సెల్స్ అంటే ల్యాబులో కట్టే కణాలు. రెండూ చెప్తాను, కానీ వరసగా చెప్పను, ఎందుకంటే నాకు అవి ఎప్పుడూ విడివిడిగా అనిపించలేదు.

మా చిన్నాన్నకు మోటారు రివైండింగ్ షాపు ఉండేది. ఎండాకాలం వచ్చిందంటే కాలిపోయిన బోరు మోటార్లు వరసగా వచ్చేవి. విప్పేవాడు, నల్లబడ్డ రాగి తీగ లాగేసేవాడు, ఏ గాడిలో ఎన్ని చుట్లు ఉన్నాయో లెక్కపెట్టి సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకునేవాడు, మళ్లీ కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి, ఎండబెట్టి, స్విచ్ వేసేవాడు. ఆయన పదో తరగతి కూడా చదవలేదు. కానీ మోటారు శబ్దం విని లోపల ఏం తేడా ఉందో చెప్పేవాడు. నేను ఇంటర్ ఫిజిక్సులో మోటారు గురించి నాలుగు పేజీలు బట్టీపట్టాను, మార్కులు వచ్చాయి, మోటారు మాత్రం నాకు అర్థం కాలేదు. విప్పినదాన్ని మళ్లీ కట్టి నీళ్లు పోయించినవాడికే మోటారు తెలుస్తుంది. సింథటిక్ సెల్ పరిశోధన అంటే ఏంటని ఎవరు అడిగినా నాకు ముందు ఆ షాపే గుర్తొస్తుంది.

జీవశాస్త్రంలో మనం ఇన్నేళ్లూ విప్పుతూనే వచ్చాం. కణంలో కేంద్రకం ఇది, రైబోజోమ్ ఇది, పొర ఇది అని బొమ్మ వేసి బాణాలు గీశాం. మీరందరూ గీసి ఉంటారు, రికార్డులో. కానీ ఆ ముక్కలన్నీ తెచ్చి బల్ల మీద పెట్టి, మళ్లీ కలిపి, ఇదిగో బతికింది అని ఇప్పటిదాకా ప్రపంచంలో ఎవరూ చూపించలేదు. ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి. ప్రాణం లేని పదార్థాల నుంచి మొత్తంగా కట్టిన, తిని, పెరిగి, తనంతట తాను రెండుగా విడిపోయే కణం ఇంకా లేదు. పేపర్లో ‘శాస్త్రవేత్తలు జీవం సృష్టించారు’ అని హెడ్డింగ్ కనిపిస్తే లోపల ఏముందో చదవండి.

మరి ఏమున్నాయి? రెండు దారులు ఉన్నాయి. ఒకటి, బతికున్న కణాన్ని తీసుకుని, ఇది లేకపోయినా బతుకుతుందా, అది లేకపోయినా బతుకుతుందా అని ఒక్కో జన్యువునూ తీసేస్తూ పోవడం. రెండోది, ఖాళీ బల్ల మీద మొదలుపెట్టి ఒక్కో ముక్కా చేర్చుకుంటూ రావడం. మొదటి దారిలో వెళ్లినవాళ్లు చాలా దూరం వెళ్లారు.

ఆ కథ నిజానికి మన మనిషితోనే మొదలవుతుంది. హరగోబింద్ ఖొరానా. ముల్తాన్ దగ్గర రాయ్‌పూర్ అనే పల్లెలో పుట్టిన మనిషి. జన్యు సంకేతాన్ని చదివినందుకు 1968లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. చదవడంతో ఆగలేదు, రాయాలనుకున్నారు. 1970లో ఈస్ట్‌లోని ఒక చిన్న జన్యువును ఆయన బృందం రసాయనాలతో కట్టింది. మొత్తం 77 అక్షరాలు. డీఎన్ఏలో ఏ, టీ, జీ, సీ అని నాలుగే అక్షరాలు కదా, అలాంటివి 77 వరసగా పేర్చడానికి ఏళ్లు పట్టింది. ఇవాళ మా ల్యాబులో అంతకు పదింతల ముక్క కావాలంటే కంప్యూటర్‌లో టైప్ చేసి ఆర్డర్ పెడతాం, కొరియర్‌లో వస్తుంది.

77 నుంచి ఎక్కడికి వెళ్లిందో చూడండి. 2010 మేలో అమెరికాలో క్రెయిగ్ వెంటర్ బృందం 10.8 లక్షల అక్షరాల జన్యుపటాన్ని, అంటే ఒక బాక్టీరియా డీఎన్ఏ మొత్తాన్ని, రసాయనికంగా తయారు చేసి, దాన్ని ఇంకో రకం బాక్టీరియా కణంలోకి ఎక్కించి, ఆ కణం కొత్త జన్యుపటం చెప్పినట్టే నడిచేలా చేసింది. ఆ జన్యుపటం మైకోప్లాస్మా మైకోయిడిస్ అనే బాక్టీరియాది. మేకలకు ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే జాతి. మేకలు కాసే ఇళ్ల పిల్లలు ఇక్కడ చాలామందే ఉంటారు, మీకు ఆ దగ్గు తెలిసే ఉంటుంది. దాన్ని ఎందుకు ఎంచుకున్నారంటే దాని జన్యుపటం చిన్నది, పైగా అది త్వరగా పెరుగుతుంది, పని తేలిక. తేలిక అన్నాను గానీ, ఒక దశలో కణం ఎంతకీ బతకలేదు. వెతగ్గా వెతగ్గా, 10 లక్షల అక్షరాల్లో ఒక్కటంటే ఒక్క అక్షరం, అది లేకపోతే డీఎన్ఏ నకలు మొదలే కాని జన్యువులో, ఎగిరిపోయిందని తేలింది. ఆ ఒక్కదానికి మూడు నెలలు పోయాయి. దీన్ని మీకు భయం పెట్టడానికి చెప్పడం లేదు, ఈ పని చేసేవాళ్ల రోజులు ఎలా గడుస్తాయో తెలియాలని చెప్తున్నాను.

2016లో అదే బృందం ఆ కణంలోంచి జన్యువులు తీసేస్తూ తీసేస్తూ 473 దగ్గర ఆగింది. అంతకంటే తీస్తే బతకదు, లేదా పెరగడం బాగా మందగిస్తుంది. మనిషికి ప్రొటీన్లు చేసే జన్యువులు సుమారు 20,000, మన పేగుల్లో ఉండే ఈ.కోలైకి 4,000 పైన. ఇది 473తో బతుకుతోంది. ఇప్పుడు నేను చెప్పబోయేదే ఈ పూట చెప్పాలని వచ్చిన మాట. ఆ 473లో 149 జన్యువులు ఏ పని చేస్తాయో వాటిని కట్టిన వాళ్లకే తెలియదు. తీసేస్తే కణం చస్తుంది, కానీ ఎందుకు చస్తుందో తెలియదు! మూడో వంతు! ఇంత సరళమైన కణంలోనే మూడో వంతు చీకటి. ఆ తర్వాత కొన్నింటి పని తేలింది, ఇంకా చాలా మిగిలి ఉన్నాయి. అంటే మీకంటే ఎంతో ముందు వెళ్లిపోయారని మీరనుకునే పెద్ద పెద్ద ల్యాబుల వాళ్లు కూడా ఈ ఒక్క విషయంలో మీ పక్కనే నిలబడి ఉన్నారు.

ఇంకో సంగతి. ఆ 473 జన్యువుల కణం బతికింది గానీ విడిపోవడం సరిగ్గా రాలేదు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, కొన్ని తాళ్లలా సాగిపోయాయి. 2021లో 19 జన్యువులు తిరిగి చేర్చిన కణంతో చూస్తే, వాటిలో ఏడు ఉంటే చాలు, గుండ్రంగా, సమంగా విడిపోతోందని తెలిసింది. ఆ ఏడింటిలో కూడా కొన్నింటి పని తెలియదు. 2023లో ఇండియానా విశ్వవిద్యాలయంలో ఇలాంటి కనిష్ఠ కణాన్నే 2,000 తరాలు పెంచి చూశారు. జన్యువులు ఊడపీకడం వల్ల పోయిన సత్తువను అది పరిణామంతో మళ్లీ సంపాదించుకుంది. ఆ పరిశోధన పేపర్ చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఇక రెండో దారి. నేను బెంగళూరులో ఒక ల్యాబులో పనిచేసేది ఇందులోనే.

కణానికి ముందు ఒక ఇల్లు కావాలి, అంటే పొర. ఆ పొర లిపిడ్లతో, అంటే కొవ్వు లాంటి అణువులతో అవుతుంది. లిపిడ్‌కు ఒక తల, రెండు తోకలు. తలకు నీళ్లంటే ఇష్టం, తోకలకు పడదు. నీళ్లలో వేస్తే తోకలన్నీ లోపలికి దాక్కుని, తలలు బయటకు పెట్టి, వాటంతట అవే బుడగలవుతాయి. ఆ బుడగనే లైపోజోమ్ అంటాం. లోపల పని జరగాలంటే యంత్రాలు కావాలి. బాక్టీరియాను పగలగొట్టి, పొరలూ చెత్తా తీసేసి, లోపలి రసం పట్టుకుంటే, ఆ రసం కణం లేకుండానే డీఎన్ఏ చూసి ప్రొటీన్ చేసిపెడుతుంది. ఇది కొత్త విషయం కాదు, 1961లో నిరెన్‌బర్గ్, మతాయ్ చేసిన ప్రయోగంలో వాడింది అలాంటి రసమే. 2001లో టోక్యోలో ఉయెదా, షిమిజు ఇంకో అడుగు వేశారు. రసం కాకుండా, కావాల్సిన ప్రొటీన్లను ఒక్కోదాన్నీ విడిగా శుద్ధి చేసి, రైబోజోములతో కలిపారు. దాన్ని ప్యూర్ సిస్టమ్ అంటారు. పోపు డబ్బాలో ఏ గిన్నెలో ఏముందో తెలిసినట్టు, అందులో ఏముందో మొత్తం మనకు తెలుసు.

శక్తి ఎక్కడి నుంచి? 1974లోనే రాకర్, స్టెకేనియస్ అనే ఇద్దరు ఒక పని చేశారు, నాకు ఈ రంగంలో అన్నిటికంటే నచ్చిన ప్రయోగం అది. ఉప్పు మడుల్లో బతికే సూక్ష్మజీవి నుంచి వెలుతురు పట్టే ఊదారంగు ప్రొటీన్, ఎద్దు గుండె నుంచి ఏటీపీ, అంటే కణానికి ఇంధనం లాంటి అణువు, చేసే ఎంజైము, సోయా గింజల లిపిడ్లు, మూడూ కలిపి ఒక బుడగ చేసి దీపం వేశారు. బుడగలో ఏటీపీ తయారైంది. ఎక్కడి ఉప్పు మడి, ఎక్కడి ఎద్దు, ఎక్కడి సోయా! జీవం ముక్కలు ఒకదానికొకటి సరిపోతాయని అంత చక్కగా చూపించిన పని ఇంకోటి నాకు తెలియదు.

2004లో నొయిరో, లిబ్‌కేబర్ ఈ.కోలై రసాన్ని లైపోజోములో నింపారు. మామూలుగా అయితే కొన్ని గంటల్లో సరుకులు అయిపోయి ఆగిపోతుంది. వాళ్లు లోపల పెట్టిన డీఎన్ఏ నుంచి పొరకు రంధ్రం చేసే ఒక ప్రొటీన్ తయారయ్యేలా చూశారు. ఆ రంధ్రాల్లోంచి బయటి పోషకాలు లోపలికి వచ్చాయి. 4 రోజుల దాకా పని నడిచింది. ఇంటికి కిటికీ పెట్టుకున్నట్టు.

నా పీహెచ్‌డీ మొదటి ఏడాది నేను కూడా ఇలాంటి బుడగలే చేయాలి. ఎలా చేస్తామో చెప్తాను వినండి. మినరల్ ఆయిల్‌లో గుడ్డు సొన నుంచి తీసిన లెసిథిన్ అనే లిపిడ్ కరిగించి పెడతాం. అందులో ఈ.కోలై రసం, డీఎన్ఏ కలిపిన చుక్క వేసి, ట్యూబును ప్లాస్టిక్ స్టాండు గళ్ల మీద గరగరా రుద్దుతాం. నాలుగు సార్లు రుద్దేసరికి నూనె మజ్జిగలా తెల్లబడుతుంది, అంటే చుక్క లక్షల తుంపరలుగా చీలింది, ఒక్కో తుంపర చుట్టూ ఒక పొర లిపిడ్. దీన్ని గ్లూకోజ్ నీళ్ల మీద మెల్లగా పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, తుంపరలు నూనెలోంచి నీళ్లలోకి దిగుతూ దిగుతూ రెండో పొర కప్పుకుంటాయి. అడుగున రవ్వంత తెల్లటి పొర కనిపిస్తుంది. అదే మన సరుకు.

నాకు నాలుగు నెలలు ఆ తెల్లటి పొర రాలేదు. రోజూ చేయడం, మైక్రోస్కోపులో చూడడం, పగిలిన తునకలు తప్ప ఏమీ లేకపోవడం. లెసిథిన్ మార్చాను, నూనె మార్చాను, ట్యూబుల కంపెనీ మార్చాను. ఆ టెన్షన్‌లో సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. వేసవి, మా అమ్మ మాగాయ పెడుతోంది. ఉప్పు పట్టించిన మామిడి ముక్కలు తెల్లారేసరికి ముడుచుకుని, జాడీలో ఊట నిండి ఉంది. అది చూస్తూ నిలబడ్డాను. ఉప్పు ఎటుంటే నీళ్లు అటు పోతాయి. నేను లోపలి చక్కెర, బయటి చక్కెర సమానంగా కొలుస్తున్నాను గానీ, లోపల పోసిన రసంలో ఉన్న లవణాలను లెక్కలో వేయలేదు! అందుకే బయటి నీళ్లు లోపలికి తోసుకొచ్చి బుడగలు పగిలిపోతున్నాయి. తిరిగి వెళ్లి రసం గాఢత కొలిచి, బయట గ్లూకోజ్ పెంచాను. మూడు రోజులకు, రాత్రి ఎనిమిదిన్నర అప్పుడు, చీకటి గదిలో మైక్రోస్కోపు కింద గుండ్రంగా, వెంట్రుక మందంలో నాలుగో వంతు ఉన్న ఒక బుడగ, లోపల మెల్లమెల్లగా ఆకుపచ్చగా వెలుగుతూ కనిపించింది. జెల్లీఫిష్ ప్రొటీన్ రంగు అది, మేం పెట్టిన డీఎన్ఏ చదివి ఆ బుడగే చేసుకుంది. పక్కన ఎవరూ లేరు. మా అమ్మకు ఫోన్ చేసి, అమ్మా పచ్చగా వచ్చింది అన్నాను. ఏం వచ్చిందో ఆమెకు అర్థం కాలేదు, అన్నం తిన్నావా అని అడిగింది.

ఇంకా మిగిలినవి ఏంటంటే, పెద్దవే మిగిలాయి. ప్రొటీన్లు తయారు చేసే యంత్రం రైబోజోమ్, అది 50 పైన ప్రొటీన్లు, డీఎన్ఏకు చుట్టం లాంటి ఆర్‌ఎన్ఏ పోగులు మూడింటితో ఉంటుంది, బుడగ దాన్ని సొంతంగా కట్టుకోవాలి. డీఎన్ఏ నకలు, పొర పెరగడం, విడిపోవడం, ఇవి విడివిడిగా కొంత కొంత చేశారు, మూడూ ఒకే బుడగలో ఒకే వేగంతో నడవడం లేదు. నెదర్లాండ్స్‌లో 2017 నుంచి చాలా విశ్వవిద్యాలయాలు కలిసి దీని మీదే పనిచేస్తున్నాయి, జర్మనీలో మాక్స్ ప్లాంక్ సంస్థలు చేశాయి, అమెరికాలో బిల్డ్-ఎ-సెల్ అనే బృందం ఎవరైనా చేరేలా తలుపులు తెరిచి నడుస్తోంది. మన దేశంలో పుణే ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థలో సుధా రాజమణి గారి ల్యాబు భూమి మీద మొట్టమొదటి కణాలు ఎలా పుట్టి ఉంటాయో పరిశోధిస్తుంది. పొరలు, ఆర్‌ఎన్ఏ, అన్నీ మా పనికి చుట్టాలే.

(ఇక్కడ ఒక తండ్రి లేచి అడిగారు: అమ్మా, ఇదంతా బాగుంది, మా పిల్లకు దీంతో ఉద్యోగం ఎక్కడ వస్తుంది?)

అన్నా, మీరు అడిగింది న్యాయం. కూర్చోండి, చెప్తాను. మా నాన్న కూడా ఇదే అడిగాడు.

‘సింథటిక్ సెల్ ఇంజినీర్ కావలెను’ అని ప్రకటన మన దగ్గర మీకు ఇవాళ కనిపించదు. ఆ పేరుతో ఉద్యోగాలు ఉన్నాయని ఎవరైనా ఫీజు కట్టించుకుని కోర్సు అమ్మితే కట్టకండి. కానీ ఈ పని నేర్చుకునేటప్పుడు చేతికి వచ్చే విద్యలకు ఉద్యోగాలు ఉన్నాయి. లిపిడ్ బుడగలు ఒకే సైజులో చేయడం వచ్చిందా, ఎంఆర్‌ఎన్ఏ వ్యాక్సిన్లను చుట్టేది లిపిడ్ కణికలే. మన దేశపు మొదటి ఎంఆర్‌ఎన్ఏ వ్యాక్సిన్‌కు 2022లో అనుమతి వచ్చింది, పుణేలో తయారైంది. క్యాన్సర్ మందుల్లో కొన్నింటిని లైపోజోముల్లో పెట్టే ఇస్తారు, అవి చేసే ఫార్మా కంపెనీలు హైదరాబాద్ చుట్టూ ఉన్నాయి. ప్రొటీన్ శుద్ధి చేయడం వచ్చిందా, హైదరాబాద్ పక్కన జీనోమ్ వ్యాలీలో ప్రతి వ్యాక్సిన్ కంపెనీకీ ఆ చేతులు కావాలి. 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి వ్యాక్సిన్ తెచ్చినప్పుడు ఈ దేశంలో జన్యువు మార్చిన ఈస్ట్‌తో వ్యాక్సిన్ చేయగలరని చాలామంది నమ్మలేదు. డీఎన్ఏ డిజైన్, కంప్యూటర్ మోడలింగ్ వచ్చిందా, దానికి బెంగళూరు ఇక్కడి నుంచి నాలుగు గంటల బస్సు. బయోసేఫ్టీ, అంటే ఈ పనుల వల్ల ఎవరికీ హాని జరగకుండా చూడడం, అని ఇంకో దారి ఉంది, మన పిల్లలకు ఎవరూ చెప్పరు. జన్యువులు మార్చే పని చేసే ప్రతి సంస్థలోనూ 1989 నిబంధనల ప్రకారం ఒక బయోసేఫ్టీ కమిటీ ఉండి తీరాలి, ఆ కాగితాలు, తనిఖీలు తెలిసినవాళ్లు కావాలి. 2024 ఆగస్టులో కేంద్రం బయోఈ3 అనే విధానం తెచ్చింది, జీవశాస్త్రంతో నడిచే తయారీని పెంచడానికి. సొంతంగా ఏదైనా చేయాలనుకుంటే బైరాక్ అనే సంస్థ బిగ్ పథకం కింద 50 లక్షల దాకా గ్రాంటు ఇస్తుంది, అప్పు కాదు.

చదువు విషయం. ఇంటర్‌లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఉంటే ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ గురించి చెప్పండి. తిరుపతి ఐసర్ ఏర్పేడు దగ్గరే ఉంది, చాలామంది మన జిల్లాల పిల్లలకు దాని పేరు తెలియదు, నీట్ ఒక్కటే తెలుసు. మీరు బీఎస్సీలో ఉన్నారు కాబట్టి మీకు ఐఐటీ జామ్, సీయూఈటీ పీజీ, బయోటెక్నాలజీకి గ్యాట్-బి, మన రాష్ట్ర పీజీసెట్ అనే ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. కడప యోగి వేమనలోనూ, ఇక్కడ శ్రీకృష్ణదేవరాయలోనూ సంబంధిత విభాగాలు ఉన్నాయి. ఎమ్మెస్సీ తర్వాత నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000, పీహెచ్‌డీ చేస్తూ ఇంటికి కొంత పంపగలరు. నేను పంపాను. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది, అది దాచను. ఇంటి పరిస్థితి ఐదారేళ్లు ఆగదు అనుకుంటే ఎమ్మెస్సీతోనే కంపెనీలో చేరండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఏది రాసినా రాయకపోయినా ఒకటి మాత్రం చేయండి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయి, రెండు నెలలు దేశంలో ఏదో ఒక మంచి ల్యాబులో పనిచేయొచ్చు, డబ్బులు వాళ్లే ఇస్తారు. ఇది ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను ఎమ్మెస్సీ చేసిన ప్రైవేటు కాలేజీలో ముప్ఫై మందికి చుక్కలు కొలిచే మైక్రోపిపెట్ ఒకటే ఉండేది, అది కూడా బీరువాలో. రెండేళ్లలో నేను దాన్ని రెండుసార్లు పట్టుకున్నాను. ప్రయోగం చేయకుండానే సీనియర్ల రికార్డు చూసి రీడింగులు రాయించారు. ఫీజు మాత్రం పూర్తిగా కట్టించుకున్నారు. ఆ రెండేళ్లు పోయాయని ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది. ఆ తర్వాత ఒక వేసవి రెండు నెలలు ఒక ల్యాబులో నేర్చుకున్నదే నన్ను పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో నిలబెట్టింది. మీ కాలేజీలో పరికరాలు ఉంటే వాడనివ్వమని అడగండి. గొడవ పడొద్దు, కానీ అడగడం మానొద్దు.

(ఒక విద్యార్థి: మేడం, నాది బీఎస్సీ కంప్యూటర్స్. మాకు ఇందులో చోటు ఉందా?)

బోలెడంత ఉంది. 473 జన్యువుల కణం గురించి చెప్పాను కదా, దాని తమ్ముడు లాంటి కణం మొత్తాన్ని 2022లో ఇలినాయ్‌లో కంప్యూటర్‌లో నడిపించారు, ఒక్కో అణువు ఎక్కడికి వెళ్తోంది, ఎంత ఏటీపీ ఖర్చవుతోంది అని. నువ్వు పైథాన్ రాస్తావా? రాస్తే, ఒక ప్రొటీన్ ఎంత వేగంగా తయారవుతుందో రెండు సమీకరణాలతో మొదలుపెట్టు. మా ల్యాబులో ఇద్దరు ఫిజిక్స్ వాళ్లు, ఒక మెకానికల్ అబ్బాయి ఉన్నారు. ఇది ఒక్క జీవశాస్త్రం వాళ్లతో అయ్యే పని కాదు.

(ఒక విద్యార్థిని: మేడం, ఇలా కణాలు తయారు చేయడం ప్రమాదం కాదా?)

మంచి ప్రశ్న, తొందరగా చెప్పి వదిలేయను. మేం చేసే బుడగలు ట్యూబు బయట బతకవు, వాటికి సొంతంగా పెరిగే శక్తే లేదు. కానీ రేపు ఆ శక్తి వస్తే? ఒక ఉదాహరణ చెప్తాను. నీ కుడి చేయి, ఎడమ చేయి చూడు, ఒకేలా ఉంటాయి గానీ కుడిచేతి గ్లవ్స్ ఎడమ చేతికి పట్టదు. మన ఒంట్లో ప్రొటీన్ల అణువులన్నీ ఒకే చేతివాటం. అద్దంలో చూసినట్టు తిరగేసిన అణువులతో కణం కడితే, దాన్ని మన రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టలేకపోవచ్చు, దాన్ని తినే వైరస్‌లూ ఉండవు. అందుకని 2024 డిసెంబరులో 38 మంది శాస్త్రవేత్తలు ఇలాంటి అద్దపు జీవం కట్టొద్దని ‘సైన్స్’ పత్రికలో రాశారు. వాళ్లలో కేట్ అడమాలా ఒకరు, ఆవిడ ఒకప్పుడు ఆ దిశగా పని మొదలుపెట్టిన మనిషి, ప్రమాదం అర్థమయ్యాక మానుకున్నారు. నాకు ఆవిడ పేపర్ల మీద ఎంత గౌరవమో ఆ మానుకోవడం మీద అంతకంటే ఎక్కువ గౌరవం. ఏం చేయకూడదో చేసేవాళ్లే ముందుగా చెప్పాలి, బయటివాళ్లకు తెలిసేసరికి ఆలస్యం అవుతుంది.

సరే, ఇక ట్యూబులు. అమ్మాయీ, ఇంకా పట్టుకునే ఉన్నావు కదా? తెరవకు, ఇంకో నిమిషం.

మన నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మా అవ్వకు నడుము వంగిపోయింది, పండ్ల మీద గోధుమరంగు చారలు. మా ఊళ్లో అది ముసలితనం అనుకునేవాళ్లు. ఫ్లోరోసిస్‌ను దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. మన కింద గ్రానైట్ రాయి, ఆ రాతిలోంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. లీటరు నీళ్లలో 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా అని మన ప్రమాణం. 1990ల్లో సత్యసాయి నీటి పథకం వచ్చాక ఈ జిల్లాలో వందల ఊళ్లకు మంచి నీళ్లు వచ్చాయి, కానీ పొలాల్లో, దూరపు కొట్టాల్లో బోరు నీళ్లు తాగేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఫ్లోరైడ్‌ను పట్టుకునే ఒక ఆర్‌ఎన్ఏ ముక్క బాక్టీరియాలో ఉందని 2012లో తెలిసింది, రైబోస్విచ్ అంటారు. ఫ్లోరైడ్ తగిలితే దాని మడత మారుతుంది, మడత మారితే వెనకున్న జన్యువు చదవడం మొదలవుతుంది. 2020లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ స్విచ్‌ను ఈ.కోలై రసంలో కలిపి ఎండబెట్టారు. నీళ్ల చుక్క పడితే రసం లేస్తుంది, ఫ్లోరైడ్ ఉంటే ఒక ఎంజైము తయారై పసుపు రంగు వస్తుంది. కోస్టారికాలో ఊరి నీళ్ల మీద పరీక్షించారు. కరెంటు అక్కర్లేదు, ఒంటి వేడి చాలు. ఇలాంటి పద్ధతినే ఇతర సెన్సార్లతో వాడి అదే ఏడాది 17 రకాల కలుషితాలను పట్టుకోగలమని చూపించారు. నీళ్లలో ఫ్లోరైడ్ చూడడానికి రసాయన కిట్లు ముందు నుంచీ ఉన్నాయి, ఇదొక్కటే దారి అని నేను అనను. కానీ కణంలోంచి ఒక్క ముక్క బయటకు తీస్తే మా ఊరి నీళ్లను పరీక్షించొచ్చని తెలిసిన రోజు, నేను ఏ ప్రశ్న మీద పనిచేయాలో నాకు తేలిపోయింది. మా ల్యాబులో ఆ పద్ధతినే మేం చేసుకున్నాం, నీ చేతిలో ఉన్నవి అవే.

ఇప్పుడు చేయి తెరువమ్మా. ఆ తెల్ల కాగితం మీద పెట్టు, అందరికీ కనపడేలా పైకెత్తు. ఒకటో నంబరు, డిస్టిల్డ్ వాటర్, రంగు లేదు. రెండోది, ఫ్లోరైడ్ కలిపింది, అదిగో, నిమ్మపండు చాయ వచ్చింది కదా, వెనకవాళ్లకు కనిపిస్తోందా? మూడోది... ఇంకా తేటగానే ఉంది. లేదు, పక్కపక్కన పెట్టి చూడు, ఒకటో దానికీ దీనికీ తేడా ఉందంటావా? నాకూ ఉన్నట్టే ఉంది, కానీ ఖాయంగా చెప్పలేను. మా బోరులో లీటరుకు రెండు మిల్లీగ్రాముల దగ్గర ఉంటుందని పోయినసారి కొలిస్తే వచ్చింది, ఈ ట్యూబు కంటికి పట్టగలిగే అంచు దాదాపు అదే, అందుకే రంగు ఆలస్యంగా వస్తుంది. ఇంకో గంట పట్టొచ్చు.

మీ ఊళ్ల నుంచి నీళ్లు తెచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చేతులెత్తండి. నలుగురా? నా బ్యాగులో ఇంకా పన్నెండు ట్యూబులున్నాయి. సీసాల మీద ఊరి పేరు, బోరు ఎన్ని అడుగులో రాయండి. భోజనాలు అయ్యాక ఈ బల్ల దగ్గరికే రండి, మూడో ట్యూబు కూడా అప్పుడే చూద్దాం. అమ్మాయీ, అప్పటిదాకా అది నీ దగ్గరే ఉంచు, అన్నం ఇంకో చేత్తో తిను.